స్లాబు మీద ఏం వేశారు?

మా సంఘం కొత్త మందిరంలోకి వచ్చి మూడేళ్లయింది. మొన్న కమిటీ కూటంలో కోశాధికారి గారు ఏప్రిల్ నెల కరెంటు బిల్లు చదివారు. చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఒక్క బిల్లు, గ్రామ పరిచర్యకు మేము నెలనెలా పంపే సొమ్ము కంటే ఎక్కువ. “ఆరాధన మొదలైన అరగంటకు ఏసీలు వేద్దామా?” అని ఒక పెద్ద అడిగారు. పోయిన వేసవిలో ఆ ప్రయత్నం చేశాం. రెండో ఆరాధనలో ఒక వృద్ధురాలు సొమ్మసిల్లి పడిపోయారు. ఆ మాట అందరికీ గుర్తుంది కాబట్టి చర్చ అక్కడితో ఆగింది.

తప్పు ఏసీలది కాదు. నేను ఆ నిర్మాణ కమిటీలో ఉన్నవాణ్ణే కాబట్టి దాచకుండా చెబుతాను. ఆర్కిటెక్టు ఇచ్చిన నక్షాలో స్లాబు మీద వేడిని ఆపే షీటు, దాని పైన పలుచని కాంక్రీటు, ఆ పైన తెల్ల టైల్స్ ఉన్నాయి. పడమటి గోడకు లోతైన సన్‌షేడ్లు ఉన్నాయి. స్లాబు పడే వేళకు డబ్బు తక్కువైంది. సౌండ్ సిస్టం ఆపలేం, బాల్కనీ ఆపలేం. కంటికి కనబడనిది ఆ షీటే కదా అని దాన్ని తీసేశాం. సన్‌షేడ్లు తీసేసి, ముందు నుంచి చూస్తే బాగుంటుందని నిలువెత్తు గాజు పెట్టించాం. “నక్షా ఫైలు కోసమేనండీ, స్లాబు మీద ఏం వేశారో ఎవరొచ్చి చూస్తారు?” అన్నాడు కాంట్రాక్టరు. అతను అన్నట్టే జరిగింది. ఎవరూ వచ్చి చూడలేదు. మేమూ చూపించలేదు.

మా మందిరం కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. భవనాల్లో కరెంటు వృథా కాకుండా చూసే చట్టం మన దేశంలో ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ విషయంలో ముందే అడుగు వేశాయి. అయినా ఆ చట్టం కాగితం మీది నుంచి గోడల్లోకి, స్లాబులోకి పూర్తిగా దిగడం లేదు. ఎందుకు దిగడం లేదో మా కమిటీ గదిలోనే నాకు అర్థమైంది.

2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో పెద్ద వాణిజ్య భవనాల కోసం ఒక నియమావళిని తెచ్చింది. దాన్ని క్లుప్తంగా ఈసీబీసీ అంటారు. మొదట్లో అది ఐచ్ఛికం. రాష్ట్రాలు తమ వాతావరణానికి తగ్గట్టు మార్చుకుని, తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే అది తప్పనిసరి అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో, అంటే రాష్ట్ర విభజనకు కొద్ది నెలల ముందు, ఆ పని చేసింది. 1,000 చదరపు మీటర్ల స్థలంలో గానీ 2,000 చదరపు మీటర్ల నిర్మాణంతో గానీ కట్టే వాణిజ్య భవనాలు దీని కిందికి వచ్చాయి. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని కొనసాగించాయి. 2017లో కేంద్రం నియమావళిని మరింత గట్టిగా తిరగరాసింది. 2022లో చట్టాన్నే సవరించి, పెద్ద నివాస భవనాలనూ అందులోకి తెచ్చింది. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్టు డిమాండ్ 120 కేవీఏ గానీ దాటే భవనాలకు ఇది వర్తిస్తుంది. ఆ హద్దును రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు.

“ఇది మాల్స్‌కీ, ఐటీ కంపెనీలకీ కదా, మనకెందుకు?” అని కొందరు అనుకోవచ్చు. సంఘాలు నడిపే ఆసుపత్రులు, కాలేజీలు, హాస్టళ్ల సంగతి ఒక్కసారి ఆలోచించండి. అవన్నీ నేరుగా ఈ లెక్కలోకి వచ్చేవే. ఇక మందిరాల మాట. జనం కూడుకునే భవనాలకు నియమావళి ఇచ్చిన నిర్వచనంలో మతపరమైన కూడికలూ ఉన్నాయి. రెండు వేల మంది పట్టే హాలు కట్టి, దానికి ఏసీ పెట్టి, కింద సెల్లార్, పైన ఆఫీసు గదులు వేసుకుంటే 100 కిలోవాట్లు దాటడం ఎంత సేపు?

నియమావళి అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఎండ నేరుగా పడే పైకప్పు, గోడలు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో ఒక హద్దు. కిటికీ గాజు ఎంత ఎండను లోపలికి వదలవచ్చో ఒక హద్దు. గోడలో గాజు 40 శాతం మించకూడదు. ఇవి కాక ఏసీలు, లైట్లు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏ స్థాయిలో ఉండాలో కొన్ని నిబంధనలు. ఇవన్నీ పాటిస్తే మామూలు భవనంతో పోలిస్తే కనీసం 25 శాతం ఇంధనం ఆదా అవుతుందని 2017 నియమావళి అంచనా.

వీటిలో పైకప్పు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మన ఎండలకు అదే అసలు పొయ్యి. ఒక పైకప్పు గుండా ఎంత వేడి దిగుతుందో చెప్పే కొలతను యూ విలువ అంటారు. పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందన్నదే ఆ సంఖ్య. ఆరంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబుకు అది 3 దాటుతుంది. నివాస భవనాల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పుకు 1.2 మించకూడదంది. పెద్ద వాణిజ్య భవనాల్లో చాలా వాటికి 2017 నియమావళి పెట్టిన హద్దు 0.33.

చిన్న లెక్క వేద్దాం. మందిరం పైకప్పు 400 చదరపు మీటర్లు అనుకోండి, అంటే సుమారు 4,300 చదరపు అడుగులు. ఎండకు కాలిన పైభాగానికీ లోపలి గాలికీ 20 డిగ్రీల తేడా ఉందనుకోండి. మే నెలలో అది ఎక్కువేమీ కాదు. ఉత్త స్లాబయితే 26 వేల వాట్ల వేడి లోపలికి దిగుతుంది. దాన్ని బయటికి తోడడానికే ఏడున్నర టన్నుల ఏసీ కావాలి. అదే పైకప్పు 0.33కు కట్టి ఉంటే ముప్పాతిక టన్ను చాలు. ఇది ఉజ్జాయింపు లెక్కే. జనం ఒంటి వేడి, లైట్ల వేడి, తలుపులు తీసినప్పుడు వచ్చే గాలి ఇందులో కలపలేదు. అయినా మేము ఆదా చేశామనుకున్న షీటు ఖరీదు ఎక్కడికి పోయిందో ఈ లెక్క చెబుతుంది. పదేళ్లపాటు ప్రతి నెలా కొంచెం కొంచెంగా ఆ ఖరీదు మళ్లీ మళ్లీ కడుతూనే ఉంటాం.

చట్టం ఉంది, లాభమూ కనబడుతోంది. మరి అడ్డం ఏమిటి?

మొదటి చిక్కు శాఖలది. ఇంధన పొదుపు ఇంధన శాఖ పని. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ. నియమావళి ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరి దగ్గర. పట్టణ ప్రణాళికాధికారి చూసేది సెట్‌బ్యాక్‌లు, ఎత్తు, పార్కింగు, అగ్నిమాపక నిబంధనలు. గాజు ఎంత ఎండను వదులుతుందో లెక్క చూడడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంత తీరికా లేదు. ఈ చిక్కును తెలంగాణ కొంతవరకు విప్పింది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వంటి సంస్థల సాయంతో, భవన అనుమతుల ఆన్‌లైన్ పద్ధతిలోనే ఈసీబీసీ తనిఖీని కలిపింది. మున్సిపల్ సిబ్బందికి బదులు, అర్హత ఉన్న బయటి నిపుణులు నక్షాలను చూసి ధ్రువీకరించే ఏర్పాటు చేసింది. వేరే శాఖకు వేరే ఫైలు పట్టుకుని తిరగనక్కర్లేదు. ఇది మంచి మార్పు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. తనిఖీ చేసేవారికి ఫీజు ఇచ్చేది కట్టుకునేవారే అయితే, ఆ తనిఖీ మీద ఇంకో కన్ను ఉండాలి. అప్పుడప్పుడు కొన్ని ఫైళ్లను ఏరి తిరిగి చూడకపోతే, మనిషి స్వభావం ఎటు జారుతుందో సంఘ పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది, మా కథలో జరిగింది అదే. నక్షా సరిగ్గానే ఉంటుంది, కట్టడం వేరుగా ఉంటుంది. స్తంభం సన్నగా ఉంటే కంటికి కనబడుతుంది. వేడిని ఆపే షీటు టైల్స్ కింద ఉంటుంది. గోడ మధ్యలో ఏం పెట్టారో ప్లాస్టరింగ్ అయ్యాక దేవుడికీ మేస్త్రీకే తెలుసు. కాబట్టి భవనమంతా పూర్తయ్యాక ఒక్కసారి వచ్చి చూసే తనిఖీ ఈ విషయంలో దాదాపు పనికిరాదు. చూడాల్సింది మూసేయక ముందు. స్లాబు మీద షీటు పరిచి కాంక్రీటు పోయక ముందు ఒకసారి, గాజు మీది లేబుల్ పీకేయక ముందు ఒకసారి చూస్తే చాలు. ఈ రెండు పూటలు తప్పితే మిగిలినదంతా కాగితాల పనే.

ఈ సంగతి అమెరికా వాళ్లూ ఆలస్యంగానే తెలుసుకున్నారు. అక్కడ 2009లో ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి ప్రభుత్వం రాష్ట్రాలకు ఇంధన నిధులిస్తూ ఒక హామీ తీసుకుంది. ఎనిమిదేళ్లలో కొత్త భవనాల్లో 90 శాతం ఇంధన నియమావళిని పాటించేలా చూస్తామని రాష్ట్రాలు మాట ఇచ్చాయి. మాట ఇచ్చాక అసలు ప్రశ్న వచ్చింది. 90 శాతం అని ఎలా కొలవాలి? చెక్‌లిస్టు పెట్టి టిక్కులు లెక్కపెడితే, గోడ మీద ఒక కాగితం అంటించకపోవడమూ పైకప్పులో ఇన్సులేషన్ లేకపోవడమూ ఒకే తప్పుగా లెక్కకు వస్తాయి.

అందుకని అక్కడి ఇంధన శాఖ టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా, కెంటకీ సహా ఎనిమిది రాష్ట్రాల్లో వేరే దారి పట్టింది. ఆ మొదటి మూడు రాష్ట్రాల్లో మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఇళ్లు కొనుక్కున్నాయో మీకు తెలుసు. కట్టుబడిలో ఉన్న ఇళ్లకే బృందాలు వెళ్లాయి. కరెంటు మీద ఎక్కువ ప్రభావం ఉన్న కొద్ది అంశాలనే, ఒక్కో అంశాన్ని రాష్ట్రానికి కనీసం 63 సార్లు, కంటితో చూసి కొలిచాయి. తర్వాత ఆ రాష్ట్రంలో ఎక్కడ లోపం ఎక్కువగా ఉందో అక్కడే శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత మళ్లీ వెళ్లి కొలిచారు. బయటపడిన వాటిలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. చాలాచోట్ల ఇన్సులేషన్ లేబుల్ మీద సంఖ్య సరిగ్గానే ఉంది. పెట్టిన తీరు బాగాలేదు. నలిపి కుక్కారు, మూలల్లో ఖాళీలు వదిలారు. కొన్నది మంచి సరుకే, పని మాత్రం పాడు.

కెంటకీలో ఆ శిక్షణ కోసం ఒక మనిషిని పెట్టారు. ఊరూరా తిరిగి మున్సిపల్ ఇన్‌స్పెక్టర్లనూ కాంట్రాక్టర్లనూ కలిసి, కట్టుబడి దగ్గరే నిలబడి సందేహాలు తీర్చడం ఆయన పని. జరిమానా రాసే అధికారం ఆయనకు లేదు. అలాంటి ఉద్యోగానికి అక్కడ వాడే పేరు సర్క్యూట్ రైడర్. మెథడిస్టు చరిత్ర తెలిసిన పాఠకులు ఈ పాటికి నవ్వుకుని ఉంటారు. గుర్రం మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లి వాక్యం చెప్పిన సంచార బోధకులను అమెరికాలో ఆ పేరుతోనే పిలిచేవారు. వాళ్ల పేరు చివరికి ఇన్సులేషన్ నేర్పేవాడికి దక్కింది.

మన రాష్ట్రాలకు కావలసింది ఇలాంటి మనుషులేనని నాకు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో జ్ఞానానికి కొరత లేదు. అక్కడి సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం, అమెరికా బయట తొలిసారిగా ప్లాటినం స్థాయి హరిత భవన గుర్తింపు పొందింది. కొరత ఉన్నది జిల్లా కేంద్రాల్లో, మున్సిపల్ పట్టణాల్లో. అక్కడ శిక్షణ అంటే హోటల్ హాల్లో ఒక రోజు సదస్సు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్టు. ఆ సదస్సుకు మేస్త్రీ రాడు. షీటు పరిచేది మేస్త్రీ, గాజు బిగించేది అల్యూమినియం పనివాడు. వాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి, వాళ్ల భాషలో చెప్పాలి.

చట్టంలో జరిమానా లేకపోలేదు. 2010 సవరణ తర్వాత అది 10 లక్షల రూపాయల వరకు ఉంది. కానీ జరిమానా మీద నాకు అంత ఆశ లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు మీద ఉంది. భవనం పూర్తయ్యాక ఆ కాగితం లేనిదే ముందుకు సాగలేం కాబట్టి, దానికి ముడిపెట్టిన నిబంధన పనిచేస్తుంది. తెలంగాణ 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఇదే దారి పట్టింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి చేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టుతో ముడిపెట్టింది. దానికి ముందు, 2017లో, హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో కొన్ని పేద ఇళ్ల పైకప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. లోపలి గాలి సగటున 2 డిగ్రీల మేర చల్లబడినట్టు తేలింది. రేకుల కింద పసిపిల్లను పడుకోబెట్టుకునే తల్లికి ఆ 2 డిగ్రీలంటే ఏమిటో ఏసీ గదిలో కూర్చున్న మనకు అంత తేలిగ్గా తెలియదు.

ఇక్కడ ఒక వాక్యభాగం గుర్తు చేస్తాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు దాని కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరైనా పైనుంచి పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని దాని కారణం. చిన్నప్పుడు సండే స్కూల్లో దీన్ని దాటవేసేవాళ్లం, మేస్త్రీల సంగతి మనకెందుకని. ఇప్పుడు చదివితే ఒక విషయం తడుతుంది. ఆ ఆజ్ఞ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది కాదు, కట్టుకునేవాడికే ఇచ్చింది.

కాబట్టి కట్టుకునే సంఘాలు ఏం అడగవచ్చో చెప్పి ముగిస్తాను. కొలతలు ఇంజినీరుకు వదిలేయండి, అడగడం మాత్రం మీరే అడగండి. అనుమతికి పెట్టిన నక్షా, పని జరిగే చోట ఉన్న నక్షా ఒకటేనా? పైకప్పు యూ విలువ ఎంతకు లెక్క వేశారు? డబ్బు చాలక ఏదైనా తీసేయాల్సి వస్తే, అది తీసేస్తే నెల బిల్లు ఎంత పెరుగుతుందో ఆర్కిటెక్టు చేత రాయించండి. ఆ కాగితం సంఘం ముందు చదవండి. మా కమిటీలో ఆ పని చేసి ఉంటే, షీటు తీసేయడానికి ఎవరి చెయ్యీ లేచేది కాదని నా నమ్మకం. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే, మూసేసే ప్రతి పొరకూ ముందు ఫోటో తీసి ఇవ్వాలని, ఆ ఫోటోలు అందాకే ఆ విడత సొమ్ము ఇస్తామని షరతు పెట్టండి. అడుగుతారని తెలిస్తే కాంట్రాక్టరు కూడా మరోలా పని చేయిస్తాడు.

పాత మిషన్ బంగళాలు చూసినవారికి ఇదంతా కొత్తగా ఉండదు. మందమైన గోడలు, చుట్టూ వరండా, ఎత్తైన కప్పు, కప్పు కింద వేడిగాలి పోవడానికి వెంటిలేటర్లు. ఏ నియమావళీ లేని రోజుల్లో, కరెంటే లేదు కాబట్టి అలా కట్టారు. కరెంటు వచ్చాక ఆ తెలివిని మనం ఏసీకి అప్పగించేశాం.

మా కమిటీ ఆ రోజు రెండు నిర్ణయాలు తీసుకుంది. వానలు పడకముందే స్లాబు మీద షీటు, తెల్ల టైల్స్ వేయించడం మొదటిది. మూడేళ్ల క్రితం అయ్యే ఖర్చు కంటే ఇప్పుడు ఎక్కువే అవుతుంది, ఎందుకంటే పాత పూత తవ్వి తీయాలి. పడమటి గాజుకు బయటి నుంచి నీడ ఏర్పాటు వచ్చే ఏడాది చేద్దామనుకున్నాం. రెండోది పక్క ఊరి సంఘానికి సంబంధించింది. వాళ్ల స్కూలు భవనానికి వచ్చే నెల స్లాబు పడుతుంది. మా సంఘంలో సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన ఒక సహోదరుడున్నారు. షీటు పరిచిన రోజు, కాంక్రీటు పోసేలోపు, ఆయన అక్కడికి వెళ్లి చూసి వస్తానన్నారు. ఆ ఊరి పాస్టరు గారు ఫోన్ చేసి, ఉదయం ఆరింటికే రమ్మని చెప్పారు.